ఏరు ఒక్కటే... ఒడ్డులే వేరు!

గిరిజనుడి భూమి కాజేస్తే అది ఊరి తగాదా కాదు, నేరం. చట్టం ఆ మాట చెప్పి మూడున్నర దశాబ్దాలు దాటింది. ధర్మపురి రేవు నుంచి ఇంద్రవెల్లి స్తూపం దాకా ఒక్కసారి వెళ్లొస్తే, ఆ మాట ఎక్కడెక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది.

ధర్మపురి దగ్గర గోదావరి మలుపు తిరుగుతుంది. అంతదాకా తూర్పుముఖంగా వచ్చిన నది ఇక్కడ దక్షిణానికి పారుతుంది. అందుకే దక్షిణవాహిని అంటారు, మునిగితే పుణ్యమంటారు. రేవులో స్నానం చేసి నరసింహస్వామిని దర్శించుకున్న భక్తులు యమధర్మరాజు గుడికీ వెళ్లి దండం పెట్టుకుంటారు. యముడికి గుడి ఉన్న ఊళ్లు దేశంలో చాలా అరుదు. తప్పొప్పుల లెక్క చూసే దేవుడు కదా, ఊరి పేరుకు తగ్గవాడే!

ఆ రేవు మెట్ల మీద నిలబడితే కనిపించే అవతలి గట్టు పాత ఆదిలాబాద్ జిల్లా. ఇవతలిది పాత కరీంనగర్. 2016లో జిల్లాలు విడిపోయాక ఇటువైపు జగిత్యాల, అటువైపు మంచిర్యాల అయ్యాయి. ఏరు దాటి కొంత లోపలికి వెళ్తే అడవి మొదలవుతుంది. గోండులు, కొలాములు, నాయకపోడులు, పర్ధానులు, తోటీలు... ఒక్కో గూడెం ఒక్కో తెగది. అడవితోపాటు మారేది ఇంకొకటి ఉంది. చట్టం!

ఇవతల లేని కవచం

గిరిజనులు ఎక్కువగా ఉండే ప్రాంతాలను రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద విడిగా గుర్తించింది. అక్కడ మామూలు చట్టాలు సరిపోవనుకుంటే గవర్నరు ప్రత్యేక నిబంధనలు తేవచ్చు. అలా వచ్చిందే 1959 నాటి భూబదలాయింపు నిబంధన. 1963లో దాన్ని తెలంగాణ ప్రాంతానికీ వర్తింపజేశారు. 1970లో చేసిన సవరణతో దానికి పదునొచ్చింది. ఏజెన్సీ జనం నోట 1/70 చట్టంగా నలిగేది ఈ సవరణే.

ఇది చెప్పేది చాలా సూటిగా ఉంటుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోవడానికి వీల్లేదు. గిరిజనుడు అమ్మినా చెల్లదు. ఆఖరికి ఒక గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. పైగా గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమిని గిరిజనుడి నుంచి వచ్చిందిగానే భావించాలి. కాదని రుజువు చేసుకునే భారం ఆ గిరిజనేతరుడిదే. ఇంత గట్టి నిబంధనను కోర్టుల్లో సవాలు చేయకుండా ఎవరు ఊరుకుంటారు? చేశారు. 1988లో సుప్రీంకోర్టు ఇది సబబేనని తీర్పు చెప్పింది.

ఈ కవచం ఆదిలాబాద్ అడవుల్లోని షెడ్యూల్డ్ గ్రామాలకు ఉంది. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో మాత్రం షెడ్యూల్డ్ ప్రాంతమంటూ లేదు. మరి ఇవతలి ఒడ్డున గిరిజనులు లేరా? ఉన్నారు. నాయకపోడులున్నారు, ఎరుకలవారున్నారు, లంబాడా తండాలున్నాయి. భీమన్నను కొలుస్తూ, లక్ష్మీదేవర పండుగకు పాండవుల ముఖాలున్న కొయ్యబొమ్మలను తలకెత్తుకునే నాయకపోడులు గోదావరికి రెండువైపులా ఉన్నారు. తెగ అదే, దేవుడూ అదే, చుట్టరికాలూ కలుస్తాయి. కానీ అవతల షెడ్యూల్డ్ గ్రామంలో ఉన్న నాయకపోడు రైతు భూమికి ఉన్న రక్షణ ఇవతల ఉన్న అతని చుట్టానికి లేదు. పట్టాభూమి అప్పు కింద చేజారితే ఇక్కడ అది మామూలు క్రయవిక్రయమే. సర్కారు పంచిన భూమి అయితే మాత్రం 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అడ్డుపడుతుంది. అది అమ్మినా కొన్నా చెల్లదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అడవిలో గూడెమంతా ఒకే తెగ. మాట పడితే పదిమంది కలిసి వస్తారు, రాయి సెంటరులో పెద్దలు కూర్చుంటారు. మైదాన ప్రాంతపు ఊళ్లో నాలుగైదు గిరిజన కుటుంబాలు ఊరి చివర ఉంటాయి. పనికి పోయేదీ, అప్పు తెచ్చేదీ, దుకాణంలో ఉద్దెర పెట్టేదీ అన్నీ అదే ఊరి పెద్దల దగ్గర. వారిలో ఒకరి మీద ఠాణాకు వెళ్లడమంటే మర్నాటి కూలి వదులుకోవడమే. పల్లెల్లో పుట్టి పెరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

వంతెన దాటితే

ధర్మపురి దాటాక రాయపట్నం వంతెన మీదుగా లక్సెట్టిపేట చేరతాం. అక్కడి నుంచి దండేపల్లి, జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి. ఈ దారి పొడవునా గిరిజనుడి కథ పరుచుకుని ఉంటుంది.

ఒకప్పుడు ఇక్కడ దారే లేదు. కాజీపేట నుంచి బల్హార్షా దాకా రైలుమార్గం పూర్తయ్యాక, దాని వెంట రోడ్లు పడ్డాక బయటి రైతులు, వ్యాపారులు, సావుకార్లు అడవిలోకి వచ్చారు. నల్లరేగడి, పత్తికి బంగారం లాంటి నేల. గోండుల చేతిలో భూమి ఉంది కానీ కాగితం లేదు. తాతలనాటి నుంచి దున్నుకుంటున్న భూమికి మళ్లీ పట్టా ఏమిటన్నది వారి లెక్క. పటేల్, పట్వారీ లెక్కలు తెలిసినవారు మాత్రం పట్టాలు రాయించుకున్నారు. మిగిలిన అడవికి సర్కారు హద్దులు గీసి రిజర్వు అడవి చేసింది. ఒకవైపు సావుకారు, ఇంకోవైపు జంగ్లాత్‌వాలా. మధ్యలో గోండు.

కొమురం భీం తిరుగుబాటు పుట్టింది ఈ మధ్యలోంచే. జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటలు ఇవాళ ప్రతి గోడ మీదా కనిపిస్తాయి. భీం అడిగింది మాత్రం తన గూడేలు కొట్టుకున్న పోడు తమకే ఉండాలని. 1940లో జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసుల కాల్పుల్లో ఆయన చనిపోయాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు అక్కడ వర్ధంతి జరుగుతుంది.

తుపాకులు పేలాక సర్కారుకు అనుమానమొచ్చింది. అసలు వీళ్లు ఎందుకు తిరగబడ్డారు? ఆ సంగతి తెలుసుకునేందుకు నిజాం ప్రభుత్వం నమ్ముకున్న మనిషి క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త. యుద్ధం రోజుల్లో ఇక్కడ చిక్కుకుపోయి, భార్య బెట్టీతో కలిసి ఇప్పటి జైనూరు మండలంలోని మార్లవాయిలో గోండుల మధ్యే గుడిసె వేసుకున్నాడు. గోండు పిల్లల కోసం అక్కడే బడి మొదలైంది. ఆయన నివేదికల్లో ఉన్న సారాంశం ఒక్కటే. నేరస్థుడు గోండు కాదు, నేరం గోండు మీద జరిగింది. ఆయన సలహాతో 1940లలో గిరిజనులకు లక్షన్నర ఎకరాలకు పైగా పట్టాలు దక్కాయి. 1946లో, ఆ తర్వాత 1949లో గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలూ వచ్చాయి. బెట్టీ సమాధి ఇప్పటికీ మార్లవాయిలోనే ఉంది.

కథ సుఖాంతమే అనిపిస్తుంది కదూ! 1970ల చివర హైమన్‌డార్ఫ్ మళ్లీ వచ్చాడు. పట్టాలిచ్చిన భూముల్లో చాలావాటిలో గోండులు లేరు. కొన్నిచోట్ల తమ పాత భూమిలోనే కూలికి పోతున్నారు. 1982లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఆ పతనాన్ని ఊరూరా లెక్కగట్టి రాశాడు.

వేలిముద్ర వేసిన చెయ్యి

ఇంత గట్టి చట్టం ఉండగా భూమి ఎలా పోయింది? సమాధానం తెలియనివాళ్లు ఏజెన్సీలో ఎవరూ లేరు.

విత్తనాలకు, పెళ్లికి, వైద్యానికి అప్పు. అప్పుకు వడ్డీ. వడ్డీకి పత్తి. పత్తి చాలకపోతే చేను 'కౌలు'కు. ఆ కౌలు గడువు తీరదు. కాగితం మీద పేరు గోండుదే ఉంటుంది, నాగలి మాత్రం సావుకారుది. జీతానికి ఉన్న గిరిజనుడి పేరు మీద బినామీ పట్టా మరో దారి. గిరిజన స్త్రీని పెళ్లాడి ఆమె పేరున భూములు కూడబెట్టడం ఇంకో దారి. మొదటి భార్య, పిల్లలు పట్నంలో ఉంటారు. ఇక్కడి ఇల్లాలికి తన పేరున ఎన్ని ఎకరాలున్నాయో కూడా తెలియదు. 1970కి ముందే కొన్నామంటూ పాత తేదీలతో పుట్టించే సాదా కాగితాలు మరో దారి.

ఈ కేసులు తేల్చేందుకు గిరిజన సంక్షేమ శాఖలో ప్రత్యేక డిప్యూటీ కలెక్టర్లున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో విచారణకు వచ్చిన వాటిలో దాదాపు సగం కేసులు గిరిజనేతరుల పక్షానే తేలాయి. రుజువు చేసుకునే భారం ఎవరి మీద ఉందో తెలిసినవారికి ఈ లెక్క మింగుడుపడదు. గెలిచిన కేసుల్లోనూ తీర్పు కాగితం చేతికొచ్చాక భూమి చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఒక్కోసారి పై కోర్టు స్టే కూడా దాంతోపాటే వస్తుంది.

గిరిజనుల మధ్యే ఉన్న చిక్కును కూడా దాచిపెట్టడానికి లేదు. 1976లో చేసిన చట్టసవరణతో తెలంగాణలోని లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. పక్కనున్న మహారాష్ట్రలో వారు ఆ జాబితాలో లేరు. దాంతో సరిహద్దు దాటి వచ్చినవారితో తమ భూములు, కొలువులు పోతున్నాయని గోండులు, కొలాములు అంటారు. తామూ పేదలమే, తండాల్లో తరతరాలుగా ఉన్నవాళ్లమేనని లంబాడాలు అంటారు. 2017 చివర్లో ఇది ఘర్షణల దాకా వెళ్లింది. 1/70 చట్టానికి ఈ తగవు తీర్చే శక్తి లేదు. అది గిరిజనుడికీ గిరిజనేతరుడికీ మధ్య గీసిన గీత.

ఆ సోమవారం అంగడి

ఉట్నూరు దాటి ఇంద్రవెల్లి చేరితే రోడ్డు పక్కనే ఎర్రటి స్తూపం.

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లి అంగడి రోజు. తమ భూములకు పట్టాలివ్వాలని, సావుకార్ల దోపిడీ ఆపాలని గిరిజన రైతుకూలీ సంఘం అదే రోజు సభ తలపెట్టింది. సభకు అనుమతి రద్దయింది, 144వ సెక్షను పెట్టారు. కొండల్లోంచి కాలినడకన బయల్దేరిన జనానికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? కొందరు సభకు వచ్చారు, ఎందరో ఉప్పు, పప్పు కొనుక్కోవడానికి వచ్చారు. ఊరి బయటే పోలీసులు అడ్డగించారు. పెనుగులాట జరిగింది. ఓ గోండు యువతితో పోలీసు అనుచితంగా ప్రవర్తించాడని, అక్కడే జనం తిరగబడ్డారని గిరిజనులు చెబుతారు. ఒక కానిస్టేబుల్ ప్రాణం పోయింది. ఆ వెంటనే కాల్పులు.

చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వం ప్రకటించింది. పౌరహక్కుల సంఘాలు చెప్పిన సంఖ్య దానికి ఎన్నోరెట్లు ఎక్కువ. గాయాలతో అడవిలోకి వెళ్లిపోయి, అక్కడే కన్నుమూసినవారు సర్కారు లెక్కలోకి రాలేదన్నది వారి వాదన. ఆ రెండు సంఖ్యల మధ్య దూరం నేటికీ తగ్గలేదు.

స్తూపం కథ కూడా అలాంటిదే. 1983లో కట్టారు. 1986లో ఎవరో పేల్చేశారు. మరుసటి ఏడు మళ్లీ లేచింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే ఇంద్రవెల్లిలో పోలీసు పికెట్లు, 144వ సెక్షను. చచ్చిపోయినవారి కోసం ఓ పువ్వు పెట్టడానికి కూడా అనుమతి కావలసి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఆ స్తూపం దగ్గర నివాళి అర్పించి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. మధ్యలో గడిచింది నలభై మూడేళ్లు.

అట్రాసిటీ అంటే తిట్టడమేనా?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమలులో ఉంది. అట్రాసిటీ కేసు అనగానే కులం పేరుతో తిట్టారనో, కొట్టారనో అనుకుంటాం. చాలామంది చదువుకున్నవారికీ తెలియని సంగతేమిటంటే, గిరిజనుడి భూమిని అన్యాయంగా ఆక్రమించడం, దున్నుకోవడం, తన పేర బదలాయించుకోవడం కూడా ఈ చట్టం కింద మొదటి నుంచీ నేరమే. 2015 సవరణ దీన్ని ఇంకా విప్పి చెప్పింది. భూమి నుంచి వెళ్లగొట్టినా, అటవీ హక్కులకు అడ్డుపడినా, సాగునీరు ఆపినా, పంట నాశనం చేసినా, పండింది ఎత్తుకుపోయినా నేరమే. భయపెట్టి ఒప్పించినా, రికార్డులు తారుమారు చేసినా అది అన్యాయం కిందికే వస్తుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు.

అంటే ధర్మపురి ఒడ్డున 1/70 చట్టం లేకపోవచ్చు. ఈ చట్టం మాత్రం ఉంది. దీనికి షెడ్యూల్డ్ ప్రాంతంతో పనిలేదు, దేశమంతా వర్తిస్తుంది.

మరి ఠాణాలో వినిపించే జవాబు ఏమిటి? "ఇది సివిల్ తగాదా, కోర్టుకు పో!" ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఆస్తి తగవులో ఒకరు ఎస్టీ అయినంతమాత్రాన తిట్టుకున్న ప్రతి మాటా అట్రాసిటీ కాబోదని 2020లో సుప్రీంకోర్టు కూడా అంది. అయితే ఫిర్యాదు ఇవ్వగానే అది ఏ కోవకు చెందుతుందో ఠాణా గుమ్మంలోనే తేల్చేసి పంపించడం వేరు. ఫిర్యాదు రాసుకుని, రాసింది చదివి వినిపించి, ఎఫ్ఐఆర్ కట్టి, దాని నకలు వెంటనే చేతికివ్వడం పోలీసు విధి. కావాలని అది చేయని అధికారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది. కేసు దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి. అరవై రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. ముందస్తు బెయిలు దొరకదు. బాధితులకు దశలవారీగా పరిహారం, సాక్షులకు రానుపోను ఖర్చులు, అవసరమైతే రక్షణ కూడా ఇవ్వాలి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా నిఘా కమిటీ మూడు నెలలకోసారి కూర్చుని ఈ కేసులన్నీ చూడాలి. కాగితం మీద ఇంతకన్నా మంచి చట్టం రాయడం కష్టం.

2018 మార్చిలో ఈ చట్టానికే ఓ గండం వచ్చింది. ప్రాథమిక విచారణ జరపకుండా కేసు కట్టకూడదు, అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది. దేశమంతా అట్టుడికింది. అదే ఏడాది పార్లమెంటు 18ఏ సెక్షను చేర్చి ఆ ఆంక్షలను తొలగించింది.

అరవై ఏడు రోజులు, పదహారేళ్లు

గిరిజన స్త్రీల మీద జరిగే అఘాయిత్యాల్లో చట్టం ఎంత వేగంగా కదులుతుందన్నది ఎవరు కదిలిస్తున్నారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

2019 నవంబరు 24న కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే ఓ పేద మహిళను ముగ్గురు అత్యాచారం చేసి చంపేశారు. ఆమె షెడ్యూల్డ్ కులాల్లోని సంచార కుటుంబానికి చెందినది. మూడు రోజులకే హైదరాబాద్ శివార్లలో 'దిశ' దారుణం జరిగింది. టీవీలన్నీ అటు తిరిగాయి. ఈమె సంగతి పట్టించుకోరా అని జనం నిలదీశాక ప్రత్యేక కోర్టు ఏర్పాటైంది. 'సమత' అన్న పేరుతో ప్రపంచానికి తెలిసిన ఆ కేసులో 2020 జనవరి 30న ఆదిలాబాద్ కోర్టు ముగ్గురికీ ఉరిశిక్ష విధించింది. నేరం జరిగి తీర్పు వచ్చేదాకా పట్టింది నిండా డెబ్భై రోజులు కూడా కాదు.

రెండోది ఉత్తర తెలంగాణకు దూరంగా, విశాఖ మన్యంలోని వాకపల్లిలో. 2007 ఆగస్టు 20న గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కోంధు మహిళలు ఫిర్యాదు చేశారు. నిందితులు పోలీసులు, దర్యాప్తు చేసిందీ పోలీసులే. కేసు హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్లి విచారణకు రావడానికే ఓ దశాబ్దం దాటింది. 2023 ఏప్రిల్ 6న విశాఖలోని ప్రత్యేక కోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని అదే తీర్పులో తప్పుపట్టింది, మహిళలకు పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. నేరం రుజువు కాలేదు... పరిహారం ఇవ్వాల్సి వచ్చింది... ఆ వాక్యాన్ని ఆ పదకొండు మందికి ఎవరు ఎలా వివరించి ఉంటారో!

బస్సులో హైకోర్టుకు

అడవి దగ్గరికే మళ్లీ వద్దాం. 2019 జూన్‌లో కాగజ్‌నగర్ ప్రాంతంలోని కొలాంగోంది గూడెం నుంచి 16 కొలాం కుటుంబాలను అటవీ అధికారులు ఖాళీ చేయించారు. మొత్తం 67 మంది. వారిని తీసుకెళ్లి వేంపల్లిలోని కలప డిపోలో పెట్టారు. కొలాములంటే గోండులకన్నా వెనకబడ్డ ఆదిమ తెగ. వెదురుతో అల్లుకుని, కొండ మీద సేద్యం చేసుకుని బతికేవాళ్లు. ఇది నిర్బంధమేనంటూ హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ పడింది. అందరినీ మా ముందుకు తీసుకురండి అంది కోర్టు. ఓ శనివారం, కోర్టుకు సెలవు. అప్పటి తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి ఇంట్లోనే విచారణ. పట్నం ముఖం చూసి ఎరగని కొలాములు బస్సు దిగి పెద్ద న్యాయమూర్తి ఇంటికి నడిచారు. వారి గోడు దుబాసీ ద్వారా విని, భూమి, ఇళ్లు చూపించేదాకా ప్రభుత్వ వసతిగృహంలో ఉంచాలని ధర్మాసనం ఆదేశించింది.

దండేపల్లి మండలం కోయపోచగూడెం ధర్మపురికి ఇంకా దగ్గర. రాయపట్నం వంతెన దాటితే ఎంతో దూరం ఉండదు. 2022లో పోడు తగాదాలో అక్కడి పన్నెండు మంది మహిళలను జైలుకు పంపారు. కొద్దివారాలకే గుడిసెలు తొలగించేందుకు వచ్చిన సిబ్బందికీ, మహిళలకూ జరిగిన పెనుగులాట దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది.

అడవి ఉద్యోగి వైపు నుంచీ చూడాలి. 2019లోనే సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన మహిళా రేంజ్ అధికారిని కర్రలతో కొట్టారు. 2022 నవంబరులో భద్రాద్రి జిల్లాలో రేంజ్ అధికారి శ్రీనివాసరావును నరికి చంపారు. హద్దు ఎక్కడుందో తేల్చాల్సినవారు తేల్చకుండా కూర్చుంటే, కింద గొడ్డలి పట్టినవాడూ యూనిఫాం వేసుకున్నవాడూ ఎదురుబొదురుగా నిలబడాల్సి వస్తోంది.

2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ హద్దు తేల్చడానికి వచ్చిందే. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడికి హక్కు పత్రం ఇవ్వాలి. ఇది షెడ్యూల్డ్ ప్రాంతానికే పరిమితం కాదు, ఇవతలి ఒడ్డుకూ వర్తిస్తుంది. తెలంగాణలో 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచారు. రెండేళ్లు తిరక్కుండానే, 2025 మే నెలాఖరులో, ఆసిఫాబాద్ అడవులను పులుల రాకపోకల కోసం కొమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ నంబరు జీవో వెలువడింది. మళ్లీ ఖాళీ చేయిస్తారా అని గూడేలు భయపడ్డాయి, బందులు చేశాయి. జూలైలో ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది. రద్దు కాలేదు, నిలిపివేతే! గిరిజనుడు ఈ తేడా ఎప్పుడో నేర్చుకున్నాడు.

దర్బారుకు దారి

ఏటా పుష్య అమావాస్యకు ముందు మెస్రం వంశపు గోండులు చెప్పులు లేకుండా బయల్దేరతారు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నాగోబా అభిషేకానికి గంగాజలం కావాలి. ఆ జలం కోసం జన్నారం మండలంలో గోదావరి ఒడ్డునున్న హస్తిన మడుగు దాకా నడుస్తారు. ధర్మపురికి ఎగువన ఉంటుందది. కలశం నింపుకుని నడిచి వెనక్కి వెళ్తారు.

జాతరలో ఒకరోజు దర్బారు జరుగుతుంది. జోడేఘాట్ తర్వాత గిరిజనుడు అధికారి దగ్గరికి రావడానికి భయపడుతున్నాడు కాబట్టి అధికారే గిరిజనుడి దగ్గరికి వెళ్లాలని హైమన్‌డార్ఫ్ 1940లలో పెట్టించిన ఏర్పాటు ఇది. ఇప్పటికీ కలెక్టర్, ఎస్పీ, ఐటీడీఏ అధికారులు వచ్చి కూర్చుంటారు. తలపాగాలు చుట్టుకున్న పటేళ్లు, కొంగు నడుముకు దోపుకున్న ఆడవాళ్లు వరసకట్టి అర్జీలు ఇస్తారు. రోడ్డు, నీళ్లు, బడి, ఆస్పత్రి అన్నీ ఉంటాయి అందులో. భూమి కాగితం పట్టుకొచ్చినవారు ఏ ఏడూ తప్పరు. పట్టా ఇచ్చారు, భూమి చూపించలేదని ఒకరు. భూమి ఉంది, పట్టా ఇవ్వలేదని ఇంకొకరు. రెండూ ఉన్నాయి, దున్నేది మాత్రం వేరేవాళ్లని మరొకరు.

అర్జీ తీసుకున్న గుమస్తా నంబరు వేసి, చీటీ చింపి ఇస్తాడు. దాన్ని మడిచి రుమాలులో కట్టుకుని జాతరలోకి వెళ్లిపోతారు.